రోజుకు మూడు ముళ్ళు

గిలకలదిండి రేవులో వలలోని రంధ్రాన్ని కన్ను అంటారు. వల చిరిగితే కళ్ళు పోయాయంటారు. చిరిగిన చోట మళ్ళీ అల్లడాన్ని కన్ను వేయడం అంటారు. పోలయ్య నలభై ఏళ్ళుగా అక్కడ కళ్ళు వేస్తున్నాడు. వేస్తున్నంతసేపూ ఆయన సొంత కళ్ళు మాత్రం వల మీద ఉండవు.

ఐసు మిల్లు గోడ నీడలో కూర్చుంటాడు. కాలి బొటనవేలికి వల కొస తగిలించి బిగువుగా లాగి పట్టుకుంటాడు. కుడిచేతిలో నైలాను దారం చుట్టిన ప్లాస్టిక్ సూది ఉంటుంది. ఎడమచేతి చూపుడువేలూ మధ్యవేలూ జంటగా ఉంటాయి. మిగతావాళ్ళు కన్ను కొలతకి వెదురుబద్ద పెట్టుకుంటారు. ఆయనకు ఆ రెండు వేళ్ళే బద్ద. దారం వేళ్ళ చుట్టూ తిరుగుతుంది, సూది పై కన్నులోంచి దూరి వస్తుంది, బొటనవేలు ముడి మీద ఒక్క క్షణం ఆగుతుంది. ముడి పడిందో జారిందో ఆ క్షణంలోనే వేలికి తెలిసిపోతుంది. ఈలోపు పోలయ్య కాలవలోకి వస్తున్న బోటును చూస్తుంటాడు. వేలంపాట దగ్గర ఎవరు ఎవర్ని తిడుతున్నారో వింటుంటాడు. దగ్గరి చూపు మందగించి పదేళ్ళయింది. కొన్న కళ్ళద్దాలు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. వాటితో ఆయనకు పని పడలేదు.

గోరుకీ వేలి మొదటి గీతకీ మధ్య ఉన్న చర్మం ఎంత. ఒక చింతగింజంత. అంత చోటులో ఒక మనిషి బతుకంతా ఇమిడి ఉండగలదని, పోలయ్య ముడి వేస్తుండగా చూసినవాళ్ళకు నమ్మబుద్ధయ్యేది.

పోయిన ఏడాది మాఘమాసంలో ఆయనకు జ్వరం వచ్చింది. ఇరవై రోజులు గంజి తప్ప మరేదీ లోపలికి పోలేదు. జ్వరం తగ్గింది గానీ అరికాళ్ళలో చీమలు పాకడం మొదలైంది. పేటలో చూసే ఆర్ఎంపీ డాక్టరు ఒక ఎర్ర బిళ్ళ ఇచ్చాడు.

"ఇది నరాల బిళ్ళ. రోజుకొకటి, నెల రోజులు వేసుకో. ఏ రోజు ఎట్టా ఉందో గుర్తు పెట్టుకుని నెల తర్వాత వచ్చి చెప్పు" అన్నాడు.

పోలయ్యకు రాయడం రాదు. ముప్పై రోజులు గుర్తు పెట్టుకోవడమంటే మాటలు కాదు. ఆ సాయంత్రం గుమ్మంలో కూర్చుని, మిగిలిపోయిన తెల్లదారంతో పది కళ్ళ వెడల్పున ఒక వరస అల్లాడు. పక్కన అంచుతాడుకు ఒక చిన్న ముడి వేశాడు. వరస అంటే ఆ రోజు. అంచున ముడి అంటే ఆ రోజు వేసుకున్న బిళ్ళ. చీమలు ఎక్కువగా పాకిన రోజున తెల్లదారం మానేసి నీలిదారంతో అల్లేవాడు.

నెల తిరిగేసరికి మూరెడు వల అయింది. మొదట అంతా నీలం. తర్వాత నీలం మధ్య తెలుపు వచ్చింది. చివరి వారం అంతా తెలుపే. డాక్టరు దాన్ని వెలుతురుకు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"నేను చదివిన చదువులో ఇది లేదు పోలయ్యా" అన్నాడు. బిళ్ళ ఆపేయమన్నాడు.

బిళ్ళ ఆగింది. వల ఆగలేదు. సాయంత్రమయ్యేసరికి చెయ్యి దారం కోసం వెతుక్కునేది. బిళ్ళ లేని రోజున అంచు నున్నగా వదిలేసి ఒక వరస అల్లి లేచేవాడు. భార్య అచ్చమ్మ ఎండుచేపల గంప దించుకుంటూ ఆ వలను చూసి నవ్వేది.

"ఇది దేనికి మావా? కప్పుకోవడానికి చాలదు, చేపల మీద పరవడానికి చాలదు. చీమలకి వల వేస్తన్నావా?"

"ఉండనీ. నా రోజులు నాకు కనపడాలి."

"కనపడితే ఏం చేత్తావు, పట్టుకొచ్చి అమ్ముతావా?"

వేట మళ్ళీ మొదలైన జూన్ నెలలో అరికాళ్ళు మండసాగాయి. ఈసారి చీమలు కావు, నిప్పులు. పోలయ్య ఆర్ఎంపీ దగ్గరకు వెళ్ళలేదు. జబ్బు తెలిసిందే, మందూ తెలిసిందే, మధ్యలో మనిషెందుకు అనుకున్నాడు. ఖాళీ బిళ్ళల అట్ట జేబులో పెట్టుకుని బందరు రోడ్డులో పిచ్చేశ్వరరావు మందుల షాపుకు వెళ్ళాడు.

ఒకటి చొప్పున రెండు నెలలు వేసుకున్నాడు. మంట తగ్గీ తగ్గనట్టు ఉంది. అప్పుడు ఆయన తనకు తెలిసిన లెక్కే ఆలోచించాడు. నైలాను దారం జారుడు స్వభావం కలది. నూలుకు ఒక్క ముడి చాలు, నైలానుకు చాలదు. ముడి జారితే ఊడదీయరు, దాని మీదే రెండోది వేస్తారు. అది కూడా జారితే మూడోది. మూడో ముడి తర్వాత ఏ చేపా దాన్ని విప్పలేదు. నలభై ఏళ్ళలో ఈ మాట ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆగస్టులో రోజుకు రెండు బిళ్ళలయ్యాయి.

"పోలయ్యా, అట్టలు తొందరగా అయిపోతున్నాయే" అన్నాడు పిచ్చేశ్వరరావు.

"ఒకటి పట్టు చాలట్లేదండీ. రెండేత్తన్నా. ఏమన్నా అయిద్దంటారా?"

"అది విటమినే కదయ్యా. ఒంటికి కావాల్సింది ఉంచుకుని మిగతాది ఒంటేలుకి వదిలేస్తుంది."

నిజమే, పచ్చగా పోతోంది. పోలయ్యకు ధైర్యం వచ్చింది. దసరా వెళ్ళాక మూడు చేశాడు. మనిషి నీరసంగా ఉన్నాడని అచ్చమ్మ ఒక బలం టానిక్కు తెచ్చింది. కాళ్ళకు మంచిదని ఎవరో చెబితే జింకు బిళ్ళ ఒకటి తోడయింది. ఎర్ర బిళ్ళ, గోధుమరంగు టానిక్కు, తెల్ల బిళ్ళ. మూడు రంగులు, మూడు పేర్లు. మంట ఎక్కువైన రోజు టానిక్కు ఇంకో మూత పోసుకునేవాడు. మంట తగ్గితే పగలు బిళ్ళ మానేసి సాయంత్రం రెండు కలిపి వేసుకునేవాడు. తన ఒంటి చుక్కాని తన చేతిలోనే ఉందని ఆయనకు ఒక తృప్తి. అంచుతాడు మీద ప్రతి వరసకూ మూడేసి ముళ్ళు పడుతూ వచ్చాయి.

ఒకనాడు అచ్చమ్మ గుమ్మంలో నిలబడి ఆ ముళ్ళు వేస్తుంటే చూసింది.

"నాకు మూడు ముళ్ళు ఒక్కసారే వేశావు మావా. ఆ బిళ్ళకి రోజూ వేత్తన్నావు."

"నువ్వు ఒక్కసారికే గట్టిగా నిలబడ్డావు. ఇది నిలబడట్లా."

"పోన్లే, సవితి ఎర్రగానే ఉంది" అని లోపలికి వెళ్ళింది.

నిజానికి మంట తగ్గింది. సంక్రాంతి వెళ్ళాక అరికాళ్ళలో నిప్పులు లేవు. పోలయ్య సంతోషించాడు. మంట పోయిన చోట ఏమీ మిగల్లేదని ఆయనకు వెంటనే తెలియలేదు.

తెలిసింది చెప్పు వల్ల. ఒక మధ్యాహ్నం రేవు నుంచి ఇంటికి వచ్చి అరుగు ఎక్కాడు.

"రెండో చెప్పేది మావా?" అంది అచ్చమ్మ.

కిందికి చూసుకున్నాడు. ఒక కాలికే చెప్పుంది. రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియదు. ఆ కాలు ఎండలో, ఇసుకలో, గవ్వల మీద ఎంత దూరం నడిచిందో కూడా తెలియదు. మడమ చీరుకుపోయి ఉంది. చూస్తే తప్ప ఆ గాయం ఆయనది కాదు.

తర్వాత అది వేళ్ళకు ఎక్కింది. మొదట చిటికెనవేలు, ఆపైన ఉంగరపువేలు. మార్చి నెలలో ఒకరోజు ఐసు పెట్టెలో చెయ్యి పెట్టి తీశాడు. చెయ్యి ఎర్రబడింది, చల్లదనం మాత్రం మోచేతి దగ్గరెక్కడో మొదలైంది. మోచేతి కిందంతా ఎవరో తొడిగిన తొడుగులా ఉంది. ముడి వేస్తుంటే బొటనవేలు ఎప్పటిలాగే దాని మీద ఆగేది. అక్కడి నుంచి జవాబు వచ్చేది కాదు.

జబ్బు ముదిరిందనుకున్నాడు. రోజుకు నాలుగు బిళ్ళలు చేశాడు.

ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం మొదలైంది. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలూ బోట్లన్నీ కాలవలో కట్టేసి ఉంటాయి. సముద్రానికి సెలవు, వలలకు మరమ్మతు. పోలయ్యకు ఏడాదిలో అసలైన కాలం అదే. మహేష్ బోటు వల ఏటా ఆయన చేతి మీదుగానే నీళ్ళలోకి పోతుంది. మహేష్ తండ్రి కాలం నుంచీ అంతే. అయితే ఈసారి నిషేధం మొదలైన మూడో రోజునే మహేష్ వచ్చి ఐసు మిల్లు గోడ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. చేతిలో వల అడుగుభాగం ఉంది. చేపంతా వచ్చి చేరే మూట అది. పోయిన నెలలో పోలయ్య బాగుచేసి ఇచ్చినదే.

"బాబాయ్, ఇది చూడు" అన్నాడు. తర్వాత ఆయన చూడలేడని గుర్తొచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని ముడి మీద పెట్టాడు. "జారింది. ఇదీ జారింది. ఇక్కడ జానెడు మేర విచ్చుకుపోయింది. ఆఖరి వేటలో రొయ్యంతా దీంట్లోంచే పోయింది."

పోలయ్య వేళ్ళు ఆ వల మీద తిరిగాయి. ఏమీ తగల్లేదు.

"నా చేతి ముడేనా?"

"నీ చెయ్యి గాక ఇంకెవరి చెయ్యి పడిద్ది మా వల మీద?" మహేష్ కాసేపు నేల మీద గీతలు గీశాడు. "జూన్ పదిహేనుకి కొత్త వల దిగాలి. నీకే ఇద్దామని ఉంది. నెలాఖరుకి చెయ్యి కుదురుకుంటే చెప్పు. లేకపోతే కోడూరు నుంచి మనుషుల్ని పిలవాలి. ఒకసారి వాళ్ళొచ్చి అలవాటైతే..."

"తెలుసులే."

"నిన్ను తీసేత్తన్నానని అనుకోమాక బాబాయ్."

"నువ్వు తీసేదేముంది నాయనా. అవే తీసేత్తన్నాయి" అని తన వేళ్ళను మోకాలి మీద పరిచి చూసుకున్నాడు.

ఆ సాయంత్రం కూడా గుమ్మంలో కూర్చున్నాడు. నాలుగు బిళ్ళలు వేసుకున్నాడు కాబట్టి అంచున నాలుగు ముళ్ళు వేయాలి. ఎన్ని పడ్డాయో వేళ్ళు చెప్పలేదు. వరస పూర్తిచేసి, దారం తెంపడానికి వలను నోటి దగ్గరకు తెచ్చుకున్నాడు. పంటితో దారం అందుకోబోతుంటే వల కింది పెదవి మీదుగా జారింది.

పోలయ్య ఆగిపోయాడు.

పెదవికి తెలుస్తోంది. ఒక కన్ను వెడల్పు, పక్కది ఇరుకు, ఆ పక్కది మూతబడినట్టు. ముడి ఒకటి ఉబ్బుగా, మరొకటి సగం జారి. పడమటి వెలుగు ఇంకా ఉంది, కాలవలో బోట్ల మీద నారింజరంగు మిగిలి ఉంది. దగ్గరగా ఉన్నదంతా ఆయనకు మసక. మూతి మీద మాత్రం దారం పోగు పోగునా స్పష్టంగా ఉంది. వేళ్ళు వదిలేసిన ఆ ప్రపంచం పోయి పెదవి మీద నిలబడి ఉంది.

వలను మెల్లగా లాగాడు. నిన్న, మొన్న, అటు మొన్న. మార్చి, ఫిబ్రవరి. పది కళ్ళ వెడల్పున నాలుగొందల పైచిలుకు వరసలు, మడతలు మడతలుగా ఒళ్ళో పడి ఉన్న పద్నాలుగు నెలలు, ఒక్కో వరసా పెదవి మీద నుంచి నడిచి పోసాగింది. అంచుతాడు వచ్చినప్పుడు నాలుక కొసతో ముళ్ళు లెక్కపెట్టాడు. అచ్చమ్మ లోపలి నుంచి వచ్చి, భర్త వలను నోటికి అడ్డంగా పట్టుకుని కళ్ళు మూసుకుని లాగుతుండడం చూసింది.

"ఆకలేస్తే అన్నం పెడతాగా మావా."

ఆయన లాగుతూనే ఉన్నాడు. ఆమె నవ్వు ఆపి పక్కన కూర్చుంది. ఆయన మొహంలో ఉన్నది ఆమె అంతకుముందు ఒకే ఒకసారి చూసింది. తుఫాను వెళ్ళిన మర్నాడు సముద్రం అద్దంలా పడి ఉన్నప్పుడు ఒడ్డున నిలబడిన మొహం అది.

రెండేసి ముళ్ళున్న చోట కళ్ళు సమంగానే ఉన్నాయి. ఒక్కో ముడి ఉన్న చోట ఇంకా సమంగా ఉన్నాయి. మొట్టమొదటి నెలకు వచ్చేసరికి, జ్వరం పడి లేచిన చేత్తో అల్లిన ఆ వరసలు కూడా గీత గీసినట్టున్నాయి. మధ్యలో బిళ్ళే లేని నెలలవి అన్నిటికంటే ముద్దుగా ఉన్నాయి. మళ్ళీ వెనక్కి తిప్పి మొదలుపెట్టాడు. మూడేసి ముళ్ళు మొదలైన చోటు దాటాక రెండు మూరలు బాగుంది. అక్కడి నుంచి కన్ను వదులవడం మొదలైంది. మొదట ఒక వెంట్రుకవాసి. తర్వాత రెండు. నాలుగేసి ముళ్ళు వచ్చేసరికి అది వల కాదు, చిక్కు.

"అచ్చమ్మా" అన్నాడు చివరికి. "బిళ్ళ పెరిగాక చెయ్యి పోయింది. చెయ్యి పోయిందని నేను బిళ్ళ పెంచలా. పెంచాక పోయింది."

"అదేంటి, మందేగా?"

"నాకు తెలవదు. వల అట్టా చెప్తంది."

అల్లేటప్పుడు ఆయన బిళ్ళల్ని మాత్రమే గుర్తు పెట్టుకుంటున్నాననుకున్నాడు. కానీ చెయ్యి తనంతట తాను, ఆయనకు చెప్పకుండా, రోజుకు పది కళ్ళ చొప్పున తన కథ కూడా అందులో పెట్టుకుంటూ వచ్చింది.

రెండు రోజుల తర్వాత మొగుడూపెళ్ళాలు ఆటోలో బందరు వెళ్ళారు. నరాల డాక్టరు భార్గవి దగ్గర టోకెను తీసుకుని కూర్చున్నారు. అచ్చమ్మ చేతిసంచిలో రెండు రకాల బిళ్ళల అట్టలూ టానిక్కు సీసా ఉన్నాయి. పోలయ్య భుజం మీద వల ఉంది.

డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. రెండు కొమ్ముల ఉక్కుకడ్డీ ఒకటి తీసి తన మోచేతి మీద కొట్టి, సన్నగా మోగుతున్నదాన్ని ఆయన కాలి బొటనవేలి ఎముక మీద ఆనించింది.

"అదురుతోందా పోలయ్య గారూ?"

"ఏది తల్లీ?"

చీలమండ మీద పెట్టింది. లేదన్నాడు. మోకాలి మీద పెడితే ఎక్కడో దూరంగా ఉందన్నాడు. చేతి వేలి మీద లేదు. చివరికి నుదుటి మీద పెట్టింది.

"అమ్మో, ఇది బోటు ఇంజను తల్లీ" అన్నాడు. ఆమె నవ్వింది.

"ఇది ఎప్పటి నుంచి? కొంచెం గుర్తు తెచ్చుకుని చెప్పండి."

పోలయ్య భుజం మీది వలను తీసి పరీక్ష బల్ల మీద పరిచాడు. బల్ల చాల్లేదు. అచ్చమ్మ ఒక కొస పట్టుకుని గుమ్మం దాటి వరండాలోకి వెళ్ళింది. అయినా ఇంకా కొంత మిగిలి మడత పడింది. పోలయ్య బల్ల పక్కన నిలబడి చెప్పాడు. ఇది జ్వరం తర్వాత. ఇక్కడ ఒక బిళ్ళ. ఇక్కడ ఆపాం. ఇదిగో జూన్. రెండు ఇక్కడ. మూడు ఇక్కడ. కన్ను వదులైంది ఇక్కడ. డాక్టరమ్మ ఆయనతో పాటు ఒక్కో అడుగే వేస్తూ గుమ్మం వరకు నడిచింది. వరండాలో కూర్చున్న రోగులు కాళ్ళు పక్కకు తీసుకుని దారి ఇచ్చారు. ఆమె వంగి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, మూడు ముళ్ళ వరసల దగ్గర చాలాసేపు ఉండిపోయింది. 

తర్వాత అట్టలు అడిగింది. వెనక ఉన్న చిన్న అక్షరాలు చదివింది. సీసా తిప్పి చదివింది. తెల్లబిళ్ళ అట్ట వెలుతురుకు పెట్టి చదివింది.

"మూడిట్లోనూ ఒకే విటమిన్ ఉందండీ. బి సిక్స్ అంటారు. పేరు మార్చి రాస్తారు కాబట్టి మీకు తెలియదు. మనిషికి రోజుకి కావాల్సింది ఎంతో చెప్పనా? రెండు మిల్లీగ్రాములు. ఒక ఉప్పు రవ్వంత. అది మనం తినే అన్నంలో, చేపలో దొరికిపోతుంది. మీ ఎర్రబిళ్ళ ఒక్కదాంట్లోనే వంద ఉంది."

"వంద రవ్వలా?"

"యాభై రవ్వలు. అట్లాంటివి మూడు, ఆ తర్వాత నాలుగు. ఆపైన ఈ రెండూ. నెల రోజులంటే నరానికి మేలే. నెలల తరబడి ఇంత పడితే అదే నరాన్ని తింటుంది. ముందు తిమ్మిరి, ఆ తర్వాత స్పర్శ పోవడం. అంటే మీరు దేనికి వేసుకుంటున్నారో అదే."

 ఉప్పు రవ్వంతది లేకపోతే చెయ్యి ఉండదు. అదే రవ్వ గుప్పెడైతే కూడా ఉండదు. ఆ రెండిటి మధ్య ఎంత సన్నటి దారి మీద ఒక వేలు బతుకుతోందో పోలయ్య ఊహకు అందీ అందనట్టుంది. ఎవరు కొలిచి పెట్టారు అంత సన్నగా.

"ఎక్కువైంది ఒంటేలుకి పోద్దన్నారమ్మా" అంది అచ్చమ్మ.

"చాలావరకు పోతుందమ్మా. ఉండిపోయిందే ఇది చేసింది. సరే, ఈ బి సిక్స్‌కీ, షుగరుకీ, బి ట్వెల్వుకీ, థైరాయిడ్‌కీ రక్తపరీక్షలు రాస్తున్నాను. అవి చూడకుండా ఇదేనని నేను తేల్చి చెప్పను. మొదట మీకు మంట ఎందుకొచ్చిందో అది కూడా చూడాలి. ఈ మూడూ మాత్రం ఇవాళ్టి నుంచే బంద్. ఇంకో మాట పెద్దాయనా, జాగ్రత్తగా వినండి. ఆపిన వెంటనే తగ్గదు. రెండు మూడు వారాలు ఇంకా ఎక్కువవ్వొచ్చు. అప్పుడు భయపడి మళ్ళీ బిళ్ళ వేసుకుంటే మొదటికొస్తాం."

"చెయ్యి వచ్చిద్దా తల్లీ?"

"చాలామందికి వస్తుంది. నెలలు పడుతుంది. మొత్తం వస్తుందని మాట ఇవ్వలేను."

"జూన్ పదిహేనుకి?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ తర్వాత మరుసటి రోగిని పిలవకుండా, ఆ వలను తనే అచ్చమ్మతో కలిసి మడతపెట్టింది.

రక్తపరీక్షల్లో మిగతావన్నీ సరిగానే ఉన్నాయి. ఎక్కువగా ఉన్నది ఆ ఒక్కటే.

తిరిగొచ్చిన మర్నాడు పోలయ్య మహేష్ ఇంటికి వెళ్ళాడు. కోడూరు వాళ్ళను పిలుచుకోమని చెప్పాడు. "ఈ ఏడు నా చెయ్యి నీ వల మీద పడకూడదు" అన్నాడు. మహేష్ కాఫీ తాగి వెళ్ళమన్నాడు. పోలయ్య గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నాడు. అది వేడిగా ఉందో లేదో పెదవికి తగిలాకే తెలిసింది.

డాక్టరమ్మ చెప్పినట్టే రెండో వారంలో ఎక్కువైంది. తిమ్మిరి మోచేతి దాటింది. పోయిన మంట తిరిగి వచ్చింది. కూర్చుంటే నేల తగలదు, నిలబడితే కాళ్ళు ఎక్కడున్నాయో కిందికి చూసుకోవాలి. అచ్చమ్మ అట్టలన్నీ ఎండుచేపల గంప అడుగున దాచింది. పోలయ్యకు ఆ సంగతి తెలుసు.

"ఒక్కటి ఇయ్యవే" అన్నాడు ఒక మధ్యాహ్నం. "మూడొద్దు, ఒక్కటే. ఒంట్లో అణువణువూ అడుగుతంది."

"గంపలో సావిడాయ చేపల కింద ఉన్నాయి. తీసుకో."

ఆయన కదల్లేదు. ఆమె కూడా కదల్లేదు. గంప ఇద్దరి మధ్య ఉంది. కాలవలో పోటు ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. ఆమె అంది.

"నీకు తీసివ్వడానికి నాకు చేతులు రాట్లా మావా. నీ చేత్తో నువ్వే తీసుకుంటే అడ్డం చెప్పను."

"నా చేత్తో తీస్తే అది బిళ్ళో చేపో నాకెట్టా తెలిసిద్ది?"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఆమె కొంగు కళ్ళకద్దుకుంది. ఆయన ఆ రోజుకు అంచు నున్నగా వదిలి, అష్టావక్రంగా ఒక వరస అల్లాడు.

జూన్ పదిహేనున బోట్లు కదిలాయి. తెల్లవారకముందే పసుపూకుంకుమా పెట్టి కొబ్బరికాయలు కొట్టారు. మహేష్ బోటు కొత్త వలతో పోయింది. ఆ వలలో పోలయ్య ముడి ఒక్కటి కూడా లేదు. ఆయన ఒడ్డున కాళ్ళు ఎడంగా పెట్టి, పడిపోకుండా నిలబడి, కాలవ సముద్రంలో కలిసే అళివిని బోటు దాటేవరకు చూశాడు. దూరపు చూపు ఆయనకు ఎప్పుడూ బాగానే ఉంది.

ఆ తర్వాత నెలలు చెప్పుకోవడానికేమీ లేనివి. వాన పడింది, ఆగింది. కాళ్ళ మంట ఒకరోజు ఉండేది, ఒకరోజు ఉండేది కాదు. రెండు నెలలకొకసారి బందరు వెళ్ళేవాడు. డాక్టరమ్మ కడ్డీ మోగించేది. జూలైలో మోకాలి కింద తగిలింది. సెప్టెంబరులో చీలమండ మీద ఏదో ఈగ వాలినట్టుందన్నాడు. ఆమె ఇంకోసారి కొట్టి పెట్టింది. ఈగే అన్నాడు. ఇంటికొచ్చి ప్రతి సాయంత్రం ఒక వరస. అల్లాక పెదవి మీదుగా లాగి చూసుకోవడం. కన్ను ఒక వెంట్రుకవాసి దగ్గరయ్యేది, మళ్ళీ వదులయ్యేది.

నిద్రపోతున్న నరం ఎట్లా లేస్తుందో ఎవరూ చూడలేదు. రోజుకు ఒక మిల్లీమీటరు పెరుగుతుందని డాక్టరమ్మ చెప్పింది. గడ్డి మొలక కూడా అంతకంటే తొందరగా వస్తుంది. ఈ మనిషి గుమ్మంలో కూర్చుని ఉండగా, లోపల చీకట్లో, మోచేతి నుంచి వేలి కొస దాకా ఒక దారం తనను తాను అల్లుకుంటూ వస్తోంది. దానికి సూది లేదు, బద్ద లేదు, చూసే కన్ను లేదు. అది దారి తప్పకుండా ఏ వేలికి ఆ వేలికే వెళ్ళి చేరాలి. పోలయ్య అప్పుడప్పుడు తన చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఏం వినపడుతుందని అచ్చమ్మ అడగలేదు.

కార్తీకంలో ఒక ఉదయం మహేష్ ఒక పాత వల తెచ్చి గోడ దగ్గర పడేశాడు.

"తొందరేం లేదు బాబాయ్. ఊరికే చెయ్యి ఆడిద్దని."

పోలయ్య వలను కాలి బొటనవేలికి తగిలించాడు. వేలు వదలకుండా పట్టుకుంది. చిరుగు వెతుకుతూ ఎడమచెయ్యి వల మీద నడుస్తోంది. చిటికెనవేలికి ఏమీ లేదు, అది రాలేదు. ఇక రాదేమో కూడా. ఉంగరపువేలు గుడ్డ చుట్టినట్టుంది. చూపుడువేలు ముందుకు పోతూ, వలలో ఎప్పుడో చిక్కుకుని ఎండిపోయిన జెల్ల చేప ముల్లు మీద పడింది.

ఆయన చెయ్యి ఠక్కున వెనక్కి వచ్చింది. తెలిసి తీసుకున్నది కాదు. తనంతట తానే వచ్చింది.

అచ్చమ్మ గంప సర్దుకుంటూ పక్కనే ఉంది. ఆయన వేలిని ఆమె వైపు చాచాడు.

"నెత్తురు వచ్చిందా చూడు."

"వచ్చింది. ముల్లు దిగిందా ఏంటి? ఉండు, వేణ్ణీళ్ళు పెడతా. జెల్ల ముల్లు సలుపుద్ది."

"ఆగు" అన్నాడు పోలయ్య. "కాసేపు సలపనీ."

ఆమె కూర్చుంది. వేలంపాట దగ్గర ఎవరో ఎవర్నో తిడుతున్నారు. ఆయన దాన్ని వినడం లేదు. నొప్పి వేలి కొస నుంచి బయల్దేరి, అరచేతిలోకి, మణికట్టులోకి, మోచేతి దాకా, ఒక్క చోట కూడా తెగకుండా వస్తోంది. ఆయన కళ్ళు మూసుకుని దాని వెంట నడుస్తున్నాడు.